వంటరానివాళ్ల వంట

సాయంత్రం ఆరు దాటాక మాసబ్ ట్యాంక్ కూడలిలో సిగ్నల్ పడితే, ఆగిన స్కూటర్ల వరుసలో ఏదో ఒకదాని మీద కేకు పెట్టె తప్పకుండా ఉంటుంది. చతురస్రపు అట్టపెట్టె, పైన రిబ్బను, పక్కన ప్లాస్టిక్ కత్తి, కొవ్వొత్తులు. అది ఒక పక్కకు ఒరగకుండా మోకాళ్ల మధ్య పట్టుకుని బంజారాహిల్స్ ఎత్తు ఎక్కడమో, మెహిదీపట్నం వైపు గుంతలు తప్పించడమో కుర్రాళ్లు కొత్తగా నేర్చిన విద్య. ఫోనులో పేరు, రంగు, బరువు నొక్కితే గంటలోపే గుమ్మం ముందు కేకు. తొమ్మిదింటి దాకా ఆఫీసులో ఉండే తల్లిదండ్రులకు ఇదొక ఆసరా. బిడ్డ పుట్టినరోజు మరిచిపోకుండా, దారిలో ఆగి, ఆ పెట్టెను పదిలంగా ఇంటికి చేర్చడంలో ప్రేమ లేదనగలమా? కొన్న కేకును చిన్నచూపు చూడాల్సిన పనిలేదు.

కాకపోతే దాని వెనకాల ఇంకో కేకు మెల్లగా కనుమరుగవుతోంది. దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి.

1980లు, 90లలో మన మధ్యతరగతి ఇళ్లలో కేకు ప్రెషర్ కుక్కర్లో పుట్టేది. ముందు ఇసుక కావాలి. హైదరాబాదులో ఏ కాలానికైనా వీధికో ఇల్లు కడుతూనే ఉంటారు గనక పిల్లలు గిన్నె పట్టుకెళ్లి ఆ కుప్పలోంచి తెచ్చేవారు. జల్లించి, కడిగి, మిద్దెమీద ఆరబెట్టేవారు. ఇసుక దొరక్కపోతే రాళ్లఉప్పు. దాన్ని కుక్కరు అడుగున రెండంగుళాల మందాన పరిచి, పైన స్టాండు, స్టాండు మీద నెయ్యి రాసి మైదా చల్లిన అల్యూమినియం గిన్నె. మూతకు రబ్బరు తీసేయాలి, విజిల్ పెట్టకూడదు. లోపల నీళ్లు లేవు, ఆవిరి పట్టే పని లేదు. ఇసుక వేడిని పట్టి ఉంచి అన్నివైపులా సమంగా పంచుతుంది. ‘కుక్కరు పాడవుతుంది, చూసుకోండి’ అని అమ్మ గొణుగుతూనే ఉండేది. ఆ గొణుగుడు ఉత్తదేమీ కాదు, నీళ్లు లేకుండా వేడెక్కించడం కుక్కరుకు మంచిది కాదు కూడా.

మూత ఎప్పుడు తీయాలన్నదే అసలు పరీక్ష. తొందరపడి తీస్తే పొంగిన కేకు కళ్లముందే కుంగిపోతుంది. లోపల సోడా విడిచిన గాలి బుడగల చుట్టూ పిండి గోడలు ఇంకా గట్టిపడి ఉండవు మరి. నలభై నిమిషాలు ఓపిక పట్టాలి. ఇంటిల్లిపాదీ ముక్కుతో వంట చేసే నలభై నిమిషాలవి. ఆ తర్వాత చీపురుపుల్ల గుచ్చి చూడటం, పుల్లకు పిండి అంటితే మళ్లీ మూత పెట్టడం, అంటకపోతే కేక వేయడం. గిన్నె బోర్లించినప్పుడు అడుగున సగం అతుక్కుని మిగిలేది. దాన్ని గీక్కుని తినడానికి వేరే పోటీ ఉండేది. కాలనీలో ఎవరింట్లోనైనా గాజు మూత ఉన్న గుండ్రటి అల్యూమినియం ఓవెను ఉంటే, అది ఇల్లిల్లూ తిరిగేది. ఎవరింట్లో పుట్టినరోజైతే వారింటికి.

అంతకుముందు కేకు అంటే బేకరీదే. నాంపల్లిలో సుభాన్ బేకరీ 1948లో, మొజంజాహీ మార్కెట్టు దగ్గర సింధ్ నుంచి వచ్చిన కుటుంబం పెట్టిన కరాచీ బేకరీ 1953లో మొదలయ్యాయి. భట్టీ వాళ్లది, పనితనం వాళ్లది. చాలా ఊళ్లలో జనం మైదా, పంచదార, డాల్డా సంచిలో పట్టుకెళ్లి బేకరీవాళ్లకిచ్చి, వేసవి సెలవులకో క్రిస్మస్‌కో బిస్కెట్లు డబ్బా నిండా చేయించుకునేవారు. సరుకు మనదే అయినా చెయ్యి మనది కాదు. ఆ చెయ్యి ఇంట్లోకి వచ్చింది కుక్కరుతోనే.

వచ్చి ఏం చేసిందో ఆలోచిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. మన ఇళ్లలో పుట్టినరోజు వంట ఎప్పుడూ పెద్దల సొత్తు. పరమాన్నంలో బెల్లం పాకం ఎప్పుడు కలపాలో అమ్మమ్మ చెప్పాలి, ముందే వేస్తే పాలు విరుగుతాయి. పులిహోరలో చింతపండు గుజ్జు ఎంత ఉడకాలో, గారెల పిండి ఎంత గట్టిగా రుబ్బాలో ఆవిడదే తీర్పు. మడి ఉన్న ఇళ్లలోనైతే పిల్లలు ఆ ఛాయలకే రాకూడదు. మగవాళ్లు గడప అవతలే. కానీ కేకు? దాని గురించి ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. అమ్మమ్మకు తెలియదు, అత్తగారు నేర్పలేదు. ఆంధ్రప్రభలో దశాబ్దాలపాటు ‘ప్రమదావనం’ నడిపిన మాలతీ చందూర్ ‘వంటలు–పిండివంటలు’ పుస్తకం చేతపట్టుకుని వంటింట్లో నిలబడ్డ కోడళ్ల తరం వచ్చాక, అచ్చులో చదివి చేసే వంటకు కొంత చోటు దొరికింది. ఆ చోటులోకి పిల్లలు దూరారు. పత్రికలో కత్తిరించిన కాగితం, కొలత గ్లాసు, పదేళ్ల పిల్ల, ఆదివారం ఖాళీగా ఉన్న నాన్న. పంచదార పొడి చేయడం ఒకరు, మైదా మూడుసార్లు జల్లించడం ఒకరు, చెయ్యి నొప్పెట్టేదాకా గిలకొట్టడం నాన్న వంతు. వంటింట్లో మాట చెప్పగల పెద్ద లేని ఏకైక వంట అది. అందుకే వంటరానివాళ్లందరికీ అందులో వాటా దొరికింది.

ఇలాంటివాళ్ల చలవతోనే కేకు ఇంతదాకా వచ్చిందనడానికి ఒక పాత ఉదంతం ఉంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల దుకాణదారుడు ఉండేవాడు. భార్యకు గుడ్లు పడవు, ఈస్టు పడదు. ఆమె కోసం ఆయన గుడ్డు లేని కస్టర్డు పొడి తయారుచేశాడు, 1837లో. తర్వాత 1843లో ఈస్టు లేకుండానే రొట్టెను పొంగించే పొడి, మనం బేకింగ్ పౌడర్ అంటున్న దాని తొలి రూపం. ఆయన చేసిన పని ఇంట్లో మనిషి తినలేని దాన్ని తినేలా చేయడం, అంతే. మంగళవారం, శనివారం, శ్రావణం, కార్తికం అంటూ గుడ్డును పక్కనపెట్టే మన ఇళ్లకు ఆ రెండు పొడులూ చుట్టాల్లా కలిసిపోయాయంటే ఆశ్చర్యమేముంది! పెరుగులో వంటసోడా కలిపి గుడ్డు లోటు తీర్చుకోవడం, తియ్యటి డబ్బాపాలతో మెత్తదనం తెచ్చుకోవడం మన వంటిళ్లు వెంటనే పట్టేసిన కిటుకులు.

కేకు రాకతో పండగ రూపు కొంచెం మారింది, కొంచెం పాతదే నిలిచింది. పొద్దున తలంటు, కొత్తబట్టల అంచుకు పసుపు, దేవుడి ముందు దండం, గుడిలో జన్మనక్షత్రం పేరిట అర్చన, పాయసం – ఇది తిథి ప్రకారం. సాయంత్రం కేకు – ఇది తారీఖు ప్రకారం. రెండూ ఒకే రోజు పడని ఏడాది పిల్లలకు రెండు పుట్టినరోజులు, అదొక లాభం. కొవ్వొత్తి ఊదడం దగ్గర మాత్రం పేచీ వచ్చేది. దీపం ఆర్పడమేమిటని పెద్దలు, ఆర్పకపోతే పుట్టినరోజెలా అవుతుందని పిల్లలు. 18వ శతాబ్దపు జర్మన్ ఇళ్లలో పిల్లల కోసం కేకుపై పెట్టిన కొవ్వొత్తులకు తెలుగింట్లో ఇంత తగవు ఉంటుందని ఎవరనుకున్నారు! కొన్ని ఇళ్లు రాజీకొచ్చాయి. కొవ్వొత్తి బదులు పక్కన ప్రమిద వెలిగించి, దాన్ని అలాగే వదిలేసి కేకు కోస్తున్నాయి. మంచి రాజీయే.

అసలు పుట్టినరోజన్నదే లేనివారు ప్రతి ఇంట్లోనూ ఒకరిద్దరున్నారు. అమ్మమ్మలు, నాయనమ్మలు. ఏ ఏడు పుట్టావమ్మా అంటే, నిజాం రాజ్యంలో పుట్టినవారు మూసీ వరదల తర్వాతనో (అది 1908), పోలీసు చర్య నాటికి పాకుతున్నాననో (అది 1948) చెప్పేవారు. కృష్ణా తీరంలో దివిసీమ ఉప్పెనను పట్టుకుని లెక్కగట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. జననాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు పుట్టినవారిలో బడికెళ్లిన చాలామందికి పుట్టినతేదీ రాసింది పంతులుగారే. బడి తెరిచే రోజులకు దగ్గరగా జూన్‌లోనో, జూలై ఒకటి అనో రాసేశారు. బ్యాంకు కాగితాల్లో, పింఛను పుస్తకాల్లో జూలై ఒకటిన పుట్టినవారు ఇంతమంది కనిపించడానికి కారణం గ్రహబలం కాదు. బడికి పోని ఆడవాళ్లకైతే ఆ పంతులు తేదీ కూడా లేదు. డెబ్బై ఏళ్లపాటు ఇంట్లో అందరి పుట్టినరోజులకూ పొయ్యి ముందు నిలబడ్డ మనిషికి, తనకంటూ ఒక రోజు లేదు.

ఇక్కడే ఇంటి కేకు తన పని చేయగలదు. అమ్మమ్మ పుట్టినరోజుకు అమ్మమ్మే పాయసం వండుకోవాల్సి రావడం ఏం న్యాయం? ఆవిడకు తెలియని వంట, ఆవిడ సాయం లేకుండా, ఆవిడ ఎప్పుడూ వడ్డించి పెట్టినవాళ్లు చేసి పెట్టడంలోనే ఉంది అందం. ఈమధ్య మనవలు ఆధార్ కార్డు మీది తేదీనే ఖాయం చేసి వేడుక చేస్తున్నారు. ‘ఆ రోజు నేను పుట్టలేదురా’ అని ఆవిడ అంటూనే ఉంటుంది. కానీ కొత్త చీర ముందురోజే మడతపెట్టి పెట్టుకుంటుంది.

మొదట్లో చెప్పుకున్న మాసబ్ ట్యాంకుకు పేరిచ్చిన ఆమె కూడా ఒక తల్లే. హయత్ బక్షీ బేగం, మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. జనం ఆమెను ‘మా సాహెబా’ అన్నారు. ఆమె పేరిట వెలసిన చెరువు మా సాహెబా తలాబ్, అదే నోళ్లలో నలిగి మాసబ్ ట్యాంక్. చెరువు ఎప్పుడో పూడిపోయింది. ఆ నేలపై ఇప్పుడు చాచా నెహ్రూ పార్కు ఉంది. తన పుట్టినరోజును దేశంలోని పిల్లలందరికీ ఇచ్చేసిన మనిషి పేరది. మా సాహెబా గురించి పాతనగరంలో ఒక కథ చెబుతారు. బాలుడైన అబ్దుల్లా ఎక్కిన ఏనుగు మదమెక్కి అడవిలోకి పారిపోయిందట. రోజులు గడిచినా దొరకలేదు. ఏనుగు మీద ఉన్న బిడ్డ దారిలో చెయ్యి చాపితే అందేలా, చెట్ల కొమ్మలకు, మిద్దెల మీద అన్నం మూటలు కట్టించిందట తల్లి. కొడుకు క్షేమంగా తిరిగొస్తే ఏనుగు గొలుసంత బరువైన బంగారు గొలుసు చేయించి దానం ఇస్తానని మొక్కుకుంది. మొహర్రం నెల లంగర్ ఊరేగింపుకు ఇదే మూలమంటారు. చరిత్రకారులు ఎంత నమ్ముతారో గానీ, బంగారు గొలుసు కన్నా ఆ అన్నం మూటలే మనసుకు పట్టే భాగం.

ఆ మూటలు ఇప్పుడు అమీర్‌పేటకు వస్తాయి. కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో మంచం బాడుగకు తీసుకున్న పిల్లలకు పుట్టినరోజు అర్ధరాత్రి వస్తుంది. గదిలో ఆరుగురు, ఒక కేకు, సగం నోట్లోకి, సగం ముఖానికి. తిండిని ముఖాన పులమడం సరదా ఎప్పుడైందో తెలియదు. మాకైతే ఆ సరదా మింగుడుపడదు. తెల్లవారాక ఆర్టీసీ కార్గోలోనో, ఊరి బస్సు డ్రైవరు చేతనో ఒక అట్టపెట్టె దిగుతుంది. అరిసెలు, కారప్పూస, అడుగున పాత చీర ముక్కలో చుట్టిన నేతి సీసా. వాటి మీద పేరు రాసి ఉండదు. ఎవరి కోసమో ఆ గదిలో అందరికీ తెలుసు, మధ్యాహ్నానికల్లా అందరూ తినేస్తారు కూడా.

చేత్తో చేసిన కానుకల సంగతీ ఇంతే. మనకు గ్రీటింగు కార్డులు రాకముందు నుంచే, పుట్టిన బిడ్డకు మొదటి కానుక చేతికుట్టుదే. అమ్మమ్మ పాత నూలు చీరలు నాలుగు మడతలు వేసి, కుడిచేత్తో పొడుగు కుట్లు వేసి చేసిన బొంత. ఉతికి ఉతికి మెత్తబడ్డ బట్ట గనకే పసిబిడ్డ ఒంటికి నొప్పి కలగదు. పురిటికి ముందే మెత్తటి పాతబట్టతో కుట్టిన జుబ్బాలు. వసకొమ్ము ముక్కలు దారానికి గుచ్చి చేతులకు కట్టిన గాజులు. ఇవేవీ కానుకలని ఎవరూ పిలవలేదు, రంగు కాగితంలో చుట్టలేదు. ఆ బొంత చినిగిపోయాక కూడా పారేయలేక బీరువా అడుగున ఉంచుకునేవాళ్లు ఉన్నారు. కొన్న దుప్పటి కోసం ఎవరూ అంత చేయరు.

మా వరకు ఒక షరతుంది. చేత్తో చేయడం అన్నది మళ్లీ అమ్మ నెత్తినే పడకూడదు. బడిలో ‘ప్రాజెక్టు’ పేరిట పిల్లలు తెచ్చే నమూనా తాజ్‌మహళ్లు ఎవరు చేస్తారో టీచర్లకూ తెలుసు. పుట్టినరోజు కూడా అలాగే తయారవుతోంది. అడవి ఇతివృత్తమో, అంతరిక్షమో అనుకోవడం, దానికి తగ్గ కాగితపు పూలు, తోరణాలు, తిరుగు కానుకల సంచులు రాత్రి రెండింటిదాకా కూర్చుని తల్లి కత్తిరించడం, తెల్లారి ఫొటోలు పెట్టడం. ఆ పనితనం మెచ్చదగినదే. కానీ నిద్రలేని అమ్మ కళ్లు కూడా ఆ ఫొటోల్లో పడుతున్నాయి. పిల్లాడి చేత వంకర అక్షరాలతో రాయించిన ఒక కార్డు, చెల్లెలు రంగు పెన్సిళ్లతో గీసిన ఇంటి బొమ్మ చాలు. ఆ బొమ్మలో ఇల్లు కంటే మనుషులు పెద్దగా ఉంటారు, సూర్యుడు మూలన ఉంటాడు. అదే కదా కావలసింది. కొలతలు సరిగా ఉండాలంటే మాసబ్ ట్యాంకులోనే ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది, తర్వాత చేర్పించవచ్చు.

2020 మార్చి ఆఖరివారంలో కరోనా లాక్‌డౌన్‌తో ఈ సంగతులన్నీ ఒక్కసారి తిరగబడ్డాయి. బేకరీలు మూతపడ్డాయి, డెలివరీలు ఆగాయి, పుట్టినరోజులు మాత్రం ఆగలేదు. అప్పుడు అపార్టుమెంట్లలో ఏం జరిగిందో అందరికీ గుర్తుంది. క్రీము బిస్కెట్లు పొడి చేసి, పాలు కలిపి, కడుపుబ్బరానికి తాగే ఈనో పొట్లం ఒకటి చింపి పోసి, కుక్కర్లో పెట్టారు. చేసింది ఎక్కువగా పదిహేనేళ్ల పిల్లలు, ఆఫీసు లేని నాన్నలు. కిరాణాకొట్లో ఈనోకు గిరాకీ పెరగడం చూసి కాలనీకంతా అజీర్తి పట్టిందేమోనని కొట్టువాడు అనుకుని ఉండాలి. పాతికేళ్ల తర్వాత కుక్కరు అడుగున మళ్లీ ఉప్పు పోశారు.

ఆ దినాల్లో చెయ్యి తిరిగినవాళ్లలో కొందరు అక్కడితో ఆగలేదు. నగరంలో ఇంటినుంచే కేకులు చేసి అమ్మే గృహిణులు ఇప్పుడు వీధివీధికీ ఉన్నారు. బేగంబజారుకు వెళ్లి అచ్చులు, తిరిగే పీటలు, బటర్ పేపరు తెచ్చుకుంటారు. 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం పేరు నమోదు చేసుకుని, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటారు. ఒక మహిళ వంటింటి చేతిపనికి తొలిసారి ధర కట్టి, ఆ డబ్బు తన ఖాతాలో వేసుకోవడం చిన్న విషయం కాదు. వారి పనికి బేరాలాడే చుట్టాలను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. షాపులో అడగని తగ్గింపు పక్కింటావిడ దగ్గర ఎందుకు అడుగుతారో!

అయినా వారు చేసేది పనితెలిసినవారి కేకు. అది ఒరగదు, కుంగదు, అంచులు కత్తితో కోసినట్టుంటాయి. ఏడాదికో రెండేళ్లకో ఒక పుట్టినరోజు, ముఖ్యంగా ఇంట్లో పెద్దావిడది, వంటరానివాళ్ల చేతికి వదిలేస్తే నష్టమేమీ లేదు. మొదటిసారి మధ్యలో గుంట పడుతుంది. ఆ గుంటలో పండ్ల ముక్కలు నింపేస్తే తెలియదు. పెద్దావిడ ఒక ముక్క చేతికి తీసుకుని, గుడ్డు వేయలేదు కదా అని రెండుసార్లు అడిగి, కొంచెం కొరికి, బాగానే ఉంది అంటుంది. మర్నాడు మిగిలిన ముక్కను పాలలో నానబెట్టుకుని తింటుంది. మూడో ఏటికి కథ మారుతుంది. పిల్లలు గిన్నె తీసేసరికి ఆవిడ వంటింటి గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంటుంది. మంట తగ్గించమంటుంది, ఆ వాసన సీసా వద్దు యాలకులు దంచి వేయమంటుంది, పంచదార బదులు బెల్లమైతే ఏమవుతుందని అడుగుతుంది, పుల్ల గుచ్చబోతే ఇంకా అయిదు నిమిషాలు ఆగండర్రా అని కసురుతుంది.